పోటు వేళ పెళ్లి

మా రేవు ఊరు ఇన్వర్‌క్రేగ్‌లో ఆడవాళ్లు ఇల్లు కదిలేది సముద్రం వెనక్కి తగ్గాకే. ఆటు మొదలవగానే రేవులో గంట కొడతారు. గంట వినపడగానే తలుపులు తెరుచుకుంటాయి, బుట్టలు బయటికొస్తాయి. బజారు, చర్చి, చుట్టరికాలు, చావింటి పలకరింపులు అన్నీ ఆ కాసేపట్లోనే కానిచ్చుకుంటారు. పోటు ఎక్కే వేళకి మళ్లీ ఇల్లు చేరి, గౌను లోపల నడుం బిగించే కార్సెట్ తాళ్లు వదులు చేసుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుంటారు. కార్సెట్లలో ఉండేవి తిమింగలం ఎముకలు మరి. సముద్రం పొంగితే అవి బిగుసుకుంటాయి, తగ్గితే వదులవుతాయి. తిమింగలం చచ్చి ఎన్నేళ్లయినా అంతే. పాలు కాగితే పొంగుతాయన్నట్టు, మా ఊళ్లో ఇది మామూలు సంగతి. దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడరు.

ఎముకలంటాం గానీ అవి ఎముకలు కావు. తిమింగలం నోట్లో దువ్వెన పళ్లలా వేలాడే పలకలు. ఓడలు వాటిని ఉత్తరపు మంచులోంచి తెచ్చి రేవులో కుమ్మరిస్తాయి. అంచున కుళ్లిన చిగుళ్ల మాంసం ఇంకా అంటుకునే ఉంటుంది. దాన్ని గీకాలి, పీచు వెంట్రుకలు కోయాలి, వేడినీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక నిలువునా బద్దలుగా చీల్చాలి. పక్కనే రాటరే గారి యార్డులో నూనె కోసం పగలంతా తిమింగలం కొవ్వు మరుగుతూ ఉంటుంది. ఆ కంపు ఎలాంటిదో నేను చెప్పను, ఇది భోజనం ముందు చదివేవాళ్లు ఉండొచ్చు. మా రొట్టెల్లో అదే కంపు, మా దిండ్లలో అదే కంపు, బైబిలు తెరిస్తే పేజీల మధ్యలోంచి అదే కంపు.

ఇంత గబ్బు వస్తువుని దళసరి నూలుబట్ట పొరల మధ్య దాచి, పైన పట్టు కప్పి, లావెండర్ నీళ్లు చల్లి, దానికి మర్యాద అని పేరు పెట్టారు. పైన పటారం, లోన లొటారం. మా ఊరి పెద్దావిడలైతే నడుం వదులైతే నడత వదులేనని తేల్చేశారు. ఊపిరి ఆడని ఆడది పరువు గల ఆడది. ఛీ, తలుచుకుంటేనే వెగటు పుడుతుంది.

ఊళ్లో కార్సెట్లు కుట్టేది గ్రిజెల్ మిల్న్. భర్త తిమింగలాల వేటకి వెళ్లి మంచులో పోయాడు. ఆమె తన ఒంటికి మాత్రం కార్సెట్ వేసుకునేది కాదు. వదులు గౌను మీద గోనెగుడ్డ కట్టుకుని పనిలో కూర్చునేది. చాటున గొణిగేవాళ్లు గొణిగేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఏ గొప్పింటి నడుం అసలు కొలత ఎంతో ఆమెకి తెలుసు.

ఒకరోజు ఆటు గంట కొట్టగానే ఆమె కొట్లోకి ముగ్గురు వచ్చారు. యార్డు రాటరే గారి భార్య, వాళ్లమ్మాయి బెతియా, వాళ్ల వెనక ఎబెనీజర్ పిరీ. పిరీకి పెద్ద జనపనార మిల్లు ఉంది. భార్య మారియన్ పోయి మూడేళ్లైంది. ఇప్పుడు బెతియాని చేసుకోబోతున్నాడు. మాట్లాడబోయే ముందు ప్రతిసారీ మీసం కొస నాలుకతో తడుపుకోవడం అతని అలవాటు. ఎన్నిసార్లు చూసినా అలవాటు పడలేని దృశ్యం అది.

"పిల్లకి ఈ గౌను పట్టాలి గ్రిజెల్," అంటూ మిసెస్ రాటరే బల్ల మీద మూట విప్పింది.

దంతం రంగు పట్టు గౌను. మారియన్ పెళ్లి గౌను. గ్రిజెల్ దాన్ని భుజాలు పట్టుకుని పైకెత్తింది. రెండు చంకల కిందా అరచేయంత పసుపు మరక, అట్టకట్టి, అంచుల్లో గోధుమరంగు తిరిగి ఉంది. పట్టుని నీళ్లలో పెట్టరు, పెడితే పాడైపోతుంది. అందుకని ఎంత గొప్ప గౌనైనా దాని చంకల దగ్గర కథ అంతా అలాగే మిగిలిపోతుంది. మూట విప్పగానే ఆ పాత చెమట వాసన గదంతా పరుచుకుంది.

"అమ్మా, నాకు డోకొస్తోంది," అంది బెతియా.

"నోర్ముయ్. ఎడిన్‌బరోలో కుట్టిన గౌను తెలుసా అది!"

"ఎడిన్‌బరోలో కుడితే మాత్రం చంకలుండవా?" అని బెతియా నవ్వింది. బెతియా నవ్వితే రేవు చివర వల బాగుచేసుకునే వాళ్లు కూడా తలెత్తి చూసేవారు. బొద్దుగా ఉండేది, ఉప్పు చేపలు ఆవురావురుమని తినేది, పొట్ట పట్టుకుని నవ్వేది. తల్లికి ఈ మూడూ తలవంపులే.

పిరీ మీసం తడుపుకున్నాడు. కోటు జేబులోంచి రిబ్బను కట్టిన కట్ట ఒకటి తీసి గౌను పక్కన పెట్టాడు. నల్లటి ఎముక బద్దలు. ఒక మనిషి నడుం ఒంపు ఇంకా వాటిలోనే ఉంది.

"మారియన్ కార్సెట్‌లోవి. దాచి ఉంచాను. వృథా దేనికి? ఇవే వేసి కుట్టు. అప్పుడు నడుం సరిగ్గా పాత కొలతకి వస్తుంది, గౌనూ పడుతుంది. ఇంట్లో కుర్చీ విరిగితే అలాంటి కుర్చీనే కదా తెచ్చుకుంటాం. చూసేవాళ్లకి తేడా తెలియకూడదు."

గ్రిజెల్‌కి ఆ కట్టని ముట్టుకోవాలంటే చెయ్యి రాలేదు.

"పెళ్లెప్పుడండీ?"

"శుక్రవారం. రాటరే గారి హాల్లోనే. నిండు పోటు వేళ."

"పోటు వేళా? మా ఊళ్లో ఎవరూ..."

"అందుకే! నడుం అందం తెలిసేది పోటు వేళే. ఎడిన్‌బరో స్నేహితులొస్తున్నారు. ఫోటో తీయిస్తున్నాను."

మిసెస్ రాటరే ముఖం పాలిపోయింది. కానీ కాబోయే అల్లుడి వైపు చూసి నవ్వే ప్రయత్నం చేసింది. "కాసేపే కదే, ఓర్చుకో," అంది కూతురితో. బెతియా నవ్వు అప్పుడు ఆగింది.

వాళ్లిద్దరినీ ముందు పంపించి పిరీ వెనక ఉండిపోయాడు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"నాకూ ఒకటి కావాలి. కార్సెట్ కాదు. బెల్టు."

మగవాళ్లది కార్సెట్ అనకూడదు, బెల్టు అనాలి. ఎముకలుంటాయి, వెనక తాళ్లుంటాయి, బొజ్జ లోపలికి నొక్కుతుంది, అయినా అది బెల్టే. మొదటి పెళ్లికి కోటు లోపల వేసుకున్న వెయిస్ట్‌కోటే ఈ పెళ్లికీ వేసుకోవాలని అతని సరదా. బొత్తాలకీ కన్నాలకీ మధ్య బెత్తెడు దూరం ఉంది.

"కానీ నాకు మాత్రం ఉక్కు బద్దలు వెయ్యి. మంచి ఉక్కు. పోటు వచ్చినప్పుడల్లా పీక నొక్కే ఆ పాడు ఎముకలు నాకొద్దు. ఈ సంగతి బయటికి పొక్కిందో..."

"నా కొట్లోంచి కొలతలు బయటికి పోవండి," అంది గ్రిజెల్. టేపు చుట్టడానికి అతని పొట్టని తాకాల్సి వచ్చింది. చొక్కా తడిసి వెచ్చగా ఉంది, లోపల పులిసిన పిండిలాంటి పొట్టలోకి చెయ్యి మెత్తగా దిగిపోయింది. అతను వెళ్లాక ఆమె చేతులు ఉప్పునీళ్లతో కడుక్కుంది.

మర్నాడు ఆటు వేళ బెతియా ఒక్కతే వచ్చింది. స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఎముకల కట్ట వైపే చూసింది.

"గ్రిజెలమ్మా, నిజం చెప్పు. మారియన్ ఎలా పోయింది?"

"డాక్టరు గుండె బలహీనమన్నాడు."

"డాక్టరు చెప్పింది ఊరంతటికీ తెలుసు. నువ్వు చూసింది చెప్పు."

గ్రిజెల్ సూది కింద పెట్టింది. "ఆ వేళ వాళ్లింట్లో విందు. పోటు ఎక్కుతోంది. కాసేపు లేచి వెళ్లి తాళ్లు వదులు చేసుకుంటానని ఆమె మెల్లిగా అడిగిందట. అతిథులుండగా ఇంటి ఇల్లాలు లేవకూడదన్నాడట. సూపు అయింది, చేపలయ్యాయి, మాంసం వచ్చింది. ఆమె నవ్వుతూనే కూర్చుంది. పుడ్డింగు వచ్చేసరికి పక్కకి ఒరిగింది. తాళ్లు కోయడానికి నన్ను పిలిచారు. కోశాను. ఏం లాభం, అప్పటికే అయిపోయింది. ఎముకలు ఒంట్లోకి దిగిన చోట్లు చూశాను తల్లీ."

"ఆయనేమన్నాడు?"

"ఎముకలు పాడవకుండా తియ్యమన్నాడు."

బెతియా లేచి వెళ్లి కిటికీ తెరిచింది. బయటి గాలి లోపలికంటే ఎక్కువ కంపు కొడుతోంది. మళ్లీ మూసేసింది.

"ఈ పెళ్లి నాకు వద్దని ఇంట్లో చెప్పాను. నాన్న నూనె అంతా కొనేది ఆ మిల్లే. జనపనార మెత్తబడాలంటే మన నూనె కావాలి కదా. నేను కాదంటే పిరీ కొనడం మానేస్తాడు, యార్డు మూతపడుతుంది. అందులో పనిచేసే ఇళ్లన్నీ ఏమవుతాయి? అందుకని నేను వద్దనలేను. వద్దనడమంటూ జరిగితే ఆయనే అనాలి. అంటాడా? కుర్చీ కొనుక్కున్నవాడు కుర్చీని వద్దంటాడా?"

గ్రిజెల్ టేపు అందుకుంది. బెతియా నడుం కొలిచింది. టేపు బిగించలేదు.

ఆ వారమంతా ఆమె రెండు పనులు పక్కపక్కనే పెట్టుకుని కుట్టింది. ఇటు పెళ్లికూతురి కార్సెట్, అటు పెళ్లికొడుకు బెల్టు. గౌను చంకల దగ్గరి పసుపు ముక్కలు కత్తిరించి పొయ్యిలో వేసింది. అవి కాలుతుంటే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. కింద అంచులో మడిచి ఉంచిన కొత్త పట్టు విప్పి తీసి, పక్కల్లో అతికి, కుట్టు కనపడకుండా లేసు వేసింది. దాంతో గౌను నడుం ఊపిరాడేంత పెద్దదైంది.

తర్వాత పిరీ బెల్టు కోసం తెప్పించిన ఉక్కు బద్దలన్నీ తీసి ఒక్కొక్కటే బెతియా కార్సెట్ సందుల్లోకి దూర్చింది. మారియన్ ఎముకల్ని వేడినీళ్లలో వేసింది. అవి మెత్తబడుతూ గిన్నెలో మెల్లిగా చుట్టుకున్నాయి. నీళ్లు మురికిగా మారి, రేవు కంపే మళ్లీ లేచింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని వాటిని బయటికి తీసి, బెల్టులో దూర్చి, చివరలు బలంగా కుట్టేసింది. పని చేస్తున్నంతసేపూ ఆమెకి భయం వేయలేదు. ఒళ్లంతా అసహ్యంతో చల్లబడి ఉంది, అంతే.

శుక్రవారం పొద్దున్న బెల్టు కాగితంలో చుట్టి పిరీ ఇంటికి పంపింది. సముద్రం అప్పుడు పూర్తిగా తగ్గి ఉంది. బెల్టు ఒంటికి అతుక్కుపోయినట్టు సరిపోయింది. వెయిస్ట్‌కోటు బొత్తాలు పడ్డాయి. పిరీ అద్దంలో పక్కకి తిరిగి చూసుకుని తెగ మురిసిపోయాడని అతని నౌకరు తర్వాత చెప్పాడు.

రాటరే గారి హాలు నిండిపోయింది. ఎడిన్‌బరో నుంచి వచ్చినవాళ్లు ముక్కుకి రుమాళ్లు అడ్డం పెట్టుకుని, "సముద్రపు గాలి ఆరోగ్యం కదండీ," అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఊరి ఆడవాళ్లు పెళ్లికి తప్పనిసరై వచ్చారు గానీ, ముందుచూపుతో తాళ్లు వదులు చేసుకుని పైన శాలువాలు కప్పుకొచ్చారు. ఒక మూల ఫోటో మనిషి నల్లగుడ్డ సర్దుకుంటున్నాడు. పొయ్యిలో నిప్పు ఎక్కువైంది. కేకు మీద ఈగలు.

పోటు ఎక్కడం మొదలైంది.

పిరీ మొదట అది నిప్పు వేడి అనుకున్నాడు. కాలరు సర్దుకున్నాడు. కాసేపటికి పక్కటెముకల కింద రెండు చేతులు పట్టుకున్నట్టైంది. ఇంకాసేపటికి ఆ చేతులు ముడిపడ్డాయి. అప్పుడర్థమైంది అతనికి. ముఖం ఎర్రబడింది, నుదుటి మీంచి చెమట కారి మీసంలోకి దిగింది. మెల్లిగా తలుపు వైపు జరిగాడు.

రాటరే గారు చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడికయ్యా? పాదిరిగారు పుస్తకం తెరిచేశారు."

"ఒక్క... నిమిషం..."

"అతిథులందరూ ఉండగా ఇప్పుడెక్కడికండీ, బాగుంటుందా?" అంది మిసెస్ రాటరే నవ్వుతూ. పాపం, ఆమెకేం తెలియదు.

బెతియా మెట్లు దిగి వచ్చింది. బొద్దుగానే ఉంది. నడుం నడుంలాగే ఉంది. హాయిగా ఊపిరి తీసుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. పిరీ ఆ నడుం చూశాడు, తన బెల్టు తడుముకున్నాడు, గోడ దగ్గర నిలబడ్డ గ్రిజెల్‌ని చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. బూటుకి అంటుకున్నదాన్ని చూసినట్టు చూస్తోంది.

"ఎబెనీజర్ పిరీ," అన్నారు పాదిరిగారు, "ఈ బెతియా రాటరేని నీ భార్యగా స్వీకరిస్తావా?"

మా ఊళ్లో ఒక పద్ధతుంది. రేవులో చేపల పాటైనా, పడవ బేరమైనా, పెళ్లి ప్రమాణమైనా, ఏదైనా మూడుసార్లే అడుగుతారు. నాలుగోసారి అడిగితే అది అడుక్కోవడం కింద లెక్క. మూడోసారికీ మాట రాకపోతే వద్దన్నట్టే.

పిరీ మీసం తడుపుకున్నాడు. నోరు తెరిచాడు. గొంతులోంచి సన్నటి ఈల లాంటిది వచ్చింది, మాట రాలేదు. కిటికీలోంచి రేవు గోడకి అలలు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎబెనీజర్ పిరీ, స్వీకరిస్తావా?"

అతని చెయ్యి వెయిస్ట్‌కోటు బొత్తాల మీదికి వెళ్లింది. ఒక్క బొత్తాం విప్పితే చాలు, బెల్టు బయటపడుతుంది. తాళ్లు కోస్తే ఊపిరి వస్తుంది. అయితే ఎడిన్‌బరో స్నేహితుల ముందు, ఫోటో మనిషి ముందు, మిల్లు యజమాని ఎబెనీజర్ పిరీ ఆడవాళ్ల కార్సెట్ తొడుక్కుని నిలబడ్డాడని తెలుస్తుంది. చెయ్యి బొత్తాం దగ్గరే ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"గట్టిగా చెప్పండి, నాకు వినపడటం లేదు," అంది బెతియా. ఆమె గొంతు హాలు చివరిదాకా స్పష్టంగా వినిపించింది.

పాదిరిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "మూడోసారి అడుగుతున్నాను నాయనా. ఈ అమ్మాయిని స్వీకరిస్తావా, లేదా?"

సముద్రం నిండుగా నిలిచింది. పిరీ పెదాలు నీలంగా మారాయి. చేపలా నోరు తెరిచాడు, మూశాడు. సరిగ్గా అప్పుడే మూలనుంచి ఫోటో తీశారు. ఆ ఫోటో మా ఊళ్లో ఇప్పటికీ రెండిళ్లలో ఉంది.

పాదిరిగారు పుస్తకం మూసేశారు.

"ఇంకొక్కసారి అడగండి బాబూ!" అంది మిసెస్ రాటరే.

"నాలుగోసారి అడిగితే మీ అమ్మాయి పరువు పోతుందమ్మా," అన్నారు ఆయన. "పిరీ గారికి ఇష్టం లేనట్టుంది."

హాలంతా గుసగుసలు లేచాయి. నిండు హాల్లో నిలబెట్టి పిల్లని వద్దన్నాడట. ఎంత మనిషి! ఎడిన్‌బరో నుంచి వచ్చినవాళ్లు కూడా పిరీ నుంచి కొంచెం దూరం జరిగారు. రాటరే గారి ముఖం జేవురించింది. కూతురి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. "ఇంత అవమానం చేసిన మనిషికి నా బిడ్డనిస్తానా," అని అందరూ వినేలా అన్నాడు. పిరీ గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ బయటికి వెళ్లి, గుర్రపుబండిలో పక్కకి ఒరిగిపోయాడు. దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

ఆటు గంట కొట్టాక అతను గ్రిజెల్ కొట్లోకి వచ్చాడు. పాలిపోయి ఉన్నాడు. కాగితం మూట బల్ల మీద విసిరాడు.

"ఉక్కు వెయ్యమన్నాను నిన్ను."

"వేశానండీ. అమ్మాయిగారి దాంట్లో వేశాను."

"నిన్ను ఈ ఊళ్లో ఉండనివ్వను! నువ్వు చేసిన పని అందరికీ..."

అక్కడ ఆగిపోయాడు. అందరికీ చెప్పాలంటే ముందు బెల్టు సంగతి చెప్పాలి.

"చెప్పండి," అంది గ్రిజెల్. "అందరికీ చెప్పండి. నేనూ వస్తాను. బెల్టు కూడా పట్టుకొస్తాను."

పిరీ మీసం తడుపుకున్నాడు. ఈసారి ఊపిరి ఉంది. అయినా మాట రాలేదు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. రాటరే గారి దగ్గర నూనె కొనడం మాత్రం మానలేదు. మానేస్తే ఊళ్లో అందరూ కారణం అడుగుతారు, అడిగితే గ్రిజెల్ జవాబు చెబుతుంది.

సాయంత్రం బెతియా వచ్చేసరికి గ్రిజెల్ ఆ బెల్టు కుట్లు విప్పుతోంది. బట్ట అంతా పిరీ చెమటతో తడిసి ముద్దయి, మీదికి తెల్లటి ఉప్పు చారలు తేలాయి. పటకారుతో పట్టుకుని బట్టని పొయ్యిలో పడేసింది. ఎముకల్ని మాత్రం చేత్తోనే తీసి, నీళ్లలో కడిగి, పాత రిబ్బనుతోనే కట్టింది.

ఇద్దరూ రేవు గోడ చివరికి నడిచారు. గ్రిజెల్ కట్టని నీళ్లలోకి వదిలింది. వెనక్కి పోతున్న సముద్రం దాన్ని తీసుకుంది. కాసేపు నల్లగా తేలి, తర్వాత కనపడలేదు.

"మారియన్‌కి ఏమైనా చెప్పాలా?" అంది బెతియా.

"నువ్వు నవ్వు. అది చాలు," అంది గ్రిజెల్.

"ఇక్కడ, ఈ కంపులోనా?"

అని అడిగి, ఆ అడిగినందుకే తనకి నవ్వొచ్చి, బెతియా పొట్ట పట్టుకుని నవ్వింది. వల బాగుచేసుకునే వాళ్లు తలెత్తి చూశారు. మర్నాటి పోటు వేళ రాటరే గారి మేడ మీంచి మళ్లీ అదే నవ్వు వినిపించింది. అప్పటిదాకా ఆ వేళ మా ఊళ్లో ఏ ఆడదీ పొట్ట పట్టుకుని నవ్వగా ఎవరూ విని ఎరగరు. మంచాల మీద వెల్లకిలా పడుకున్న ఆడవాళ్లందరూ అది విన్నారు. తన కార్సెట్‌లో ఉన్నది ఉక్కని ఆదివారం చర్చిలో అడిగినవాళ్లందరికీ బెతియా చెప్పింది. సోమవారం పొద్దున్న ఆటు గంట కొట్టేసరికి, ఉక్కు బద్దలు కావాలంటూ గ్రిజెల్ కొట్టు ముందు నిలబడ్డ వాళ్లలో మొదటిది మిసెస్ రాటరే.